సీజన్ అయిపోనీ మామా

మా హాస్టల్ స్నేహితుడు కాయలోడు చనిపోయి ఈ ఫిబ్రవరికి మూడేళ్లు నిండాయి. రాయాలని చాలాసార్లు కూర్చున్నాను, నాలుగు లైన్లు రాయడం, మూసేయడం. పోయిన వారం దామలచెరువు మీదుగా చిత్తూరు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటల్లో పూత విరగబూసి ఉంది, కారు అద్దం దించగానే ఆ వాసన. బండి పక్కకి ఆపి కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

పేరు రాయడం లేదు. రాసినా మా వాళ్లలో సగం మందికి అది ఎవరిదో వెంటనే తట్టదు, ఎందుకంటే ఇన్నేళ్లలో మేమెవరమూ వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు. 1997లో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎంకాం చేరాం. మొదటి ఏడాది పరీక్షల ముందు ఊరికి పోయి వస్తూ గోతం నిండా పచ్చి తోతాపురి మామిడికాయలు మోసుకొచ్చాడు. బస్సు దిగి హాస్టల్ దాకా నడిచే వచ్చాడు, చొక్కా భుజం మీదంతా సొన మరక. ఆ రాత్రి మా రూములో నేల మీద పేపరు పరిచి, మధ్యలో ఉప్పూ కారం పోసుకుని, పన్నెండు మందిమి చుట్టూ కూర్చుని సగం గోతం ఖాళీ చేశాం. మర్నాడు అందరికీ పళ్లు పులిసిపోయి మెస్సులో అన్నం నమల్లేకపోయాం. ఆ రోజు నుంచి వాడు కాయలోడు. వాడు మాత్రం అందరినీ మామా అనే పిలిచేవాడు, మెస్ క్లర్కుతో సహా. ఆ పన్నెండు మందిమి ఇప్పటికీ అన్నదమ్ముల లెక్కే. ఇంట్లో సొంత తమ్ముళ్లు ఉన్నవాళ్లం కూడా పెళ్లికైనా చావుకైనా ముందు ఫోన్ చేసుకునేది ఒకరికొకరమే.

హాస్టల్ మిద్దె మీద పడుకుంటే ఎదురుగా తిరుమల కొండ. రాత్రిపూట గాలిగోపురం దీపాలు కనబడేవి. పరీక్ష బాగా రాసినా కొండే, రాయకపోయినా కొండే. చీకటి పడ్డాక ఎవడో ఒకడు "పోదామా" అంటే చాలు, అలిపిరి దాకా నడక, అక్కడి నుంచి 3,550 మెట్లు. 2023లో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకున్న తర్వాత రాత్రి నడకకి ఆంక్షలు పెట్టారు గానీ, అప్పట్లో మాకు చిరుత అన్న మాటే తట్టేది కాదు. అందరికంటే చివర వచ్చేది కాయలోడే. వాడికి నడవలేక కాదు, ప్రతిసారీ ఎవరో ఒక ముసలామె మూట వాడి నెత్తి మీద ఉండేది, ఆమె ఆగిన చోటల్లా వాడూ ఆగాలి. మోకాళ్ల మెట్టు దగ్గర మేం గంటసేపు కూర్చుని తిట్టుకుంటూ ఎదురు చూసేవాళ్లం. వచ్చి, ఆ మూట దించి, ఆమె ఏ ఊరో ఎంతమంది పిల్లలో అన్నీ చెప్పేవాడు.

వాడి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. ఎర్ర అట్ట, అరచేతిలో పట్టేంత. టీ కొట్టులో ఎంత బాకీ, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడు, ఏ తేదీకి ఇస్తానన్నాడు, అన్నీ అందులో. 1998లో మా నాయనకి చెనిక్కాయల పంట పూర్తిగా పోయింది, నేను మూడు నెలలు మెస్ బిల్లు కట్టలేదు. నోటీసు బోర్డులో నా పేరు పెట్టారు. ఆ వారం మెస్సుకి పోవాలంటే తల కొట్టేసినట్టుండేది, పోకుండా బొరుగులు తిని పడుకునేవాణ్ణి. నాలుగో రోజు చూస్తే బోర్డు మీద నా పేరు లేదు. క్లర్కు పొరపాటున తీసేశాడనుకుని నోరు మూసుకున్నాను. పదేళ్ల తర్వాత మేమంతా కలిసినప్పుడు ఆ క్లర్కే నవ్వుతూ చెప్పాడు, "ఆ రోజు కాయలోడు వాచీ తాకట్టు పెట్టి కట్టినాడప్పా, నీకు తెలీదా" అని. నేను వాడి మొహం చూస్తే వాడు పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాడు. ఆ బాకీ వాడి నోటుబుక్కులో ఏ రోజూ లేదు. వాడికి ఎవరైనా ఇవ్వాల్సింది అందులో రాసేవాడే కాదు. వాడు ఇవ్వాల్సింది మాత్రం అర్ధరూపాయి అయినా ఉండేది. పాతికేళ్లలో అట్ట రంగులు మారాయేమో, ఆ అలవాటు మారలేదు.

ఎంకాం అయ్యాక మేమంతా బ్యాంకు పరీక్షలు, గ్రూప్ టూ అని పడ్డాం. వాడూ రెండుసార్లు రాశాడు, రాలేదు. ఊళ్లో నాయన చేతి కింద ఆరెకరాల తోట. మూడు సీజన్లు దామలచెరువు మండీలో గుమస్తాగా కూర్చున్నాడు, తర్వాత సొంతంగా ర్యాంపు (రైతుల దగ్గర కాయ కొనే చోటు) పెట్టి కాయ కొని ఫ్యాక్టరీలకి తోలాడు, 2006లో ఇంకో ఇద్దరితో కలిసి చిత్తూరు పక్కన మూతబడిన ఒక జ్యూస్ ఫ్యాక్టరీని లీజుకి తీసుకున్నాడు. మా జిల్లాలో (ఇప్పుడంటే తిరుపతి, చిత్తూరు వేరయ్యాయి, అప్పుడు ఒకటే) తోతాపురి కాయ ఎక్కువగా గుజ్జుకే పోతుంది. దాదాపు రెండు టన్నుల కాయ పడితే ఒక టన్ను గుజ్జు వస్తుంది. దాన్ని వేడి చేసి, క్రిములు లేకుండా సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెడతారు, ఒక్కో డ్రమ్ము 215 కిలోలు. అవి చెన్నై పోర్టు నుంచి గల్ఫ్‌కీ యూరప్‌కీ పోతాయి. మొత్తం ఆట జూన్, జూలై, ఆగస్టు మొదట్లో కొన్ని రోజులు. ఆ రెండు నెలల్లో రాత్రీ పగలూ మెషిన్లు తిరగాలి, తర్వాత పది నెలలు ఆ సరుకు అమ్ముకోవాలి.

సీజన్లో వాణ్ణి చూడాలంటే ఫ్యాక్టరీకి పోవాల్సిందే. నేను సెలవు పెట్టుకుని ఏటా రెండు రోజులు పోయేవాణ్ణి. గేటు దగ్గర్నుంచే తియ్యటి పులిసిన వాసన, కాళ్ల కింద తొక్కలు, టెంకల గుట్టల మీద ఈగలు. వాడు ఆఫీసులో కూర్చునే రకం కాదు. గుజ్జు తీపి చూసేందుకు జానెడు గొట్టం ఒకటుంటుంది, రిఫ్రాక్టోమీటర్ అంటారు. దాని అద్దం మీద చిటికెన వేలితో ఒక చుక్క గుజ్జు పెట్టి, మూత దించి, ఒక కన్ను మూసి వెలుతురు వైపు తిప్పి చూసేవాడు. "పద్నాలుగున్నర" అనేవాడు. అంటే వంద గ్రాముల్లో పద్నాలుగున్నర గ్రాముల చక్కెర అని నాకు నేర్పింది వాడే. పద్నాలుగు తగ్గితే కొనేవాడు ఒప్పుకోడు. కానీ ఆ గొట్టం కంటే ముందు వాడు కాయని చేతిలోకి తీసుకుని ముచిక దగ్గర బొటనవేలితో ఒకసారి నొక్కేవాడు, కళ్లు మూసుకుని, డాక్టరు నాడి పట్టినట్టు. వేలు చెప్పింది, గొట్టం చెప్పింది ఎప్పుడూ అర పాయింటు కూడా తేడా రాలేదు. సొన తగిలి తగిలి ఆ వేలి చర్మం నల్లగా గట్టిపడిపోయింది.

కార్బైడ్ వేసి మాగబెట్టిన కాయని లోపలికి రానిచ్చేవాడు కాదు. క్యూలో నిలబడిన ట్రాక్టర్ల వాళ్లకి షెడ్డు పక్కన రెండు పొయ్యిలు పెట్టించి సంగటి, పప్పుచారు, ఊరిబిండి. ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారని అడిగే పని లేదు. ఒక ఏడాది బయటి దేశం పోయిన కంటైనర్ ఒకటి నాణ్యత సరిపోలేదని వెనక్కొచ్చింది. భాగస్తులు ఇద్దరూ రైతులకి ఆరు నెలలు ఆగమని చెబుదామన్నారు. వాడు రేణిగుంట రోడ్డులో కొనుక్కున్న ఇంటి స్థలం అమ్మి పదిహేను రోజుల్లో అందరికీ కట్టేశాడు. పిచ్చోడివా అని నేనే తిట్టాను. "మనకి నెల నెలా జీతం మామా, వాళ్లకి ఏడాదికి ఒకటే జీతం. అది కూడా నేను ఆపితే ఎట్లా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, ఏదో మర్చిపోయిన లెక్క గుర్తు చేసినట్టు అన్నాడు.

పోయినేడు, 2025 సీజన్లో, ధర ఘోరంగా పడిపోయింది కదా. ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలో 12 అన్నారు, అయినా ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి, కాయ బండ్ల మీదే కుళ్లింది, కొందరు రోడ్డు పక్కన పారబోసి పోయారు. ఆ ఫొటోలు చూస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన, వీడుంటే ఏం చేసేవాడని. వీడొక్కడే ధర నిలబెట్టగలిగేవాడని నేను అనను. ఆ లైన్లో ఉన్నవాళ్లకి అన్నం మాత్రం పెట్టేవాడు. ఎంతకి కొంటాడో మొదటి రోజే మొహం మీద చెప్పేవాడు.

జబ్బు సంగతికి వస్తాను. దీనికోసమే రాయడం మొదలుపెట్టాను, ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

2021 మే. కరోనా రెండో వేవ్, ఆసుపత్రి గడప తొక్కాలంటేనే టెన్షన్. దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడుతోందని అప్పుడే మొదటిసారి ఇంట్లో చెప్పాడట. సీజన్ ముందు కదా, నిద్ర లేదు, కారం తిండి, మామిడికాయ వేడి, మొలలే అయ్యుంటాయని వాడే తేల్చేశాడు. టౌన్లో ఒక క్లినిక్‌కి పోతే అక్కడా మొలలే అన్నారు. పరీక్ష చెయ్యలేదు, కనీసం రక్తం కూడా చూడలేదు, మాత్రలు, ఒక ఆయింట్‌మెంట్. మూడు నెలలు అదే చీటీ మీద అవే మందులు. నేను జూలైలో పోయాను. వాడి చేతికి స్టీలు చెయిను వాచీ ఉండేది, చెయ్యి పైకెత్తితే ఆ వాచీ జారి మోచేయి దగ్గరికి వచ్చి ఆగింది. ఆ వాచీ జారడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. "ఏం రా ఇట్లా అయిపోయినావు?" అన్నాను. "సీజన్ అయిపోనీ మామా, ఒకేసారి అన్ని టెస్టులూ చేయించుకుంటా" అన్నాడు. చెల్లెమ్మ (వాడి భార్య) నా వైపు చూసింది, నువ్వైనా గట్టిగా చెప్పన్నా అన్నట్టు. నేను రెండు మాటలు అన్నాను, వాడు నవ్వాడు, నేను సర్లే అన్నాను. సంగటి తిని రాత్రి బస్సెక్కి వచ్చేశాను. ఆ రోజు వాణ్ణి చొక్కా పట్టుకుని కార్లో కూర్చోబెట్టి ఉండాల్సింది. ఆ చూపుని నేను దాటేసి వచ్చాను.

సీజన్ అయిపోయింది. ఆగస్టు రెండో వారంలో చివరి ట్రాక్టర్ కాటా మీద ఉండగా కళ్లు తిరిగి పడిపోయాడు. హిమోగ్లోబిన్ ఆరున్నర. మా చిత్తూరు వాళ్లకి పెద్ద జబ్బంటే వేలూరే, గంట ప్రయాణం. అక్కడ కొలనోస్కోపీ (గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష), స్కాన్ చేసి చెప్పారు, పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది, నాలుగో స్టేజీ. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది, పేగు లోపలి గోడకి పులిపిరి కాయలాంటిది మొలిచి, అది క్యాన్సర్‌గా మారేందుకు చాలాసార్లు పదేళ్ల దాకా పడుతుందని, ఆ మధ్యలో ఎప్పుడు చూసినా గొట్టంతోనే తీసేయొచ్చని. పదేళ్లు! మేం ఆ పదేళ్లూ వాడితో కలిసి తిరిగాం. తర్వాత నేను చదువుకుంటుంటే తెలిసింది, అమెరికాలో ఈ పరీక్ష మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి తగ్గించింది సరిగ్గా 2021 మే నెలలోనే. అప్పుడు వాడికి 46. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా దొడ్డిలో నెత్తురు పడుతుంటే, కడుపు అలవాటు మారిపోయి రెండు మూడు వారాలైనా కుదురుకోకపోతే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, మొలలే అని మీకు మీరే తేల్చుకోకండి, ఎవరైనా చూడకుండా తేల్చినా నమ్మకండి. మజ్జిగ తాగి ఊరుకోకండి. పరీక్ష చేయించుకోండి. మీ పక్కవాడి వాచీ జారుతుంటే వాణ్ణి లాక్కెళ్లండి.

కీమో రెండు వారాలకి ఒకసారి. ఒక రోజు అక్కడ ఎక్కించి, నడుముకి చిన్న పంపు కట్టి పంపించేవాళ్లు, 46 గంటలు మందు దానంతట అది ఎక్కుతుంది, మళ్లీ పోయి తీయించుకోవాలి. అందులో ఒక మందు వల్ల చల్లటిది ఏది తగిలినా వేళ్లకి కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఫ్రిజ్ తలుపు ముట్టుకోలేడు. కుండలో నీళ్లు కూడా గొంతులో సూదుల్లా గుచ్చుకుంటాయి. 2022 జూన్లో, చిత్తూరు ఎండలో, వాడు ఉన్ని గ్లవుజులు వేసుకుని, మెడకి మఫ్లర్ చుట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. కొత్తగా చేరిన కుర్రాళ్లు తెల్లమొహం వేసుకుని చూశారు. వద్దంటే వినలేదు. రిఫ్రాక్టోమీటర్ కుర్రాడితో పట్టించి, తను కన్ను ఆనించి చూశాడు. రుచి చూడాలంటే గుజ్జు చల్లగా ఉంది, ఒక స్పూన్‌లో పోయించి, ఆ స్పూన్‌ని వేడినీళ్ల గ్లాసులో కాసేపు ఉంచి, అప్పుడు నాలుక మీద పెట్టుకున్నాడు. "నాకు ఇనుము రుచి తగుల్తా ఉంది మామా, నువ్వు చెప్పు" అని నాకిచ్చాడు. బాగుందని చెప్పాను. నిజంగానే చాలా బాగుంది.

ఆ ఏడాది మేలోనే అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్ వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. తిరుపతి వచ్చినప్పుడు కారు ఆపమని ఆ బిల్డింగు వైపు చాలాసేపు చూశాడు. "మనోళ్లకి ఇంక ఊరు కాని ఊర్లో రూములు వెతుక్కునే బాధ తప్పుతుంది" అన్నాడు. తన గురించి ఒక్క మాట అనలేదు.

డిసెంబర్లో, ఇంక మందులు పని చెయ్యడం లేదని తెలిసిన తర్వాత, కొండ ఎక్కుదామన్నాడు. పన్నెండు మందిమీ వచ్చాం, ఒకడు మస్కట్ నుంచి వచ్చాడు. అలిపిరి పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని తిరిగాడు, బరువు మోయలేడని ఇద్దరం చెరో పక్క చేతులు పెట్టాం. ఎక్కడం మొదలుపెట్టాడు. నోటితో లెక్కపెడుతూ ముప్పై మెట్లు ఎక్కి కూర్చున్నాడు. "మిగతా 3,520 మీరు పంచుకోండి రా" అన్నాడు. మేమెవరం కదల్లేదు. మమ్మల్ని తిట్టి మరీ పంపించాడు. ఆ రోజు గాలిగోపురం దాకా మాలో ఒక్కడూ మాట్లాడలేదు. ఒక ముసలామె సంచీ మోయలేక అవస్థ పడుతుంటే మస్కట్ నుంచి వచ్చినవాడు పోయి తీసుకుని భుజాన వేసుకున్నాడు.

ఫిబ్రవరిలో, తెల్లారుజామున, ఇంట్లోనే పోయాడు. చెల్లెమ్మ ఫోన్ చేసి "అన్నా" అంది, అంతే. తోటలోనే, నాయన పక్కనే సాగనంపాం. పూత రాలి మా అందరి తలల మీద పడుతూనే ఉంది. ట్రాక్టర్ల వాళ్లు ఊరి బయట దాకా బండ్లు ఆపుకుని నడిచి వచ్చారు. నాకు పేరు తెలియని మనుషులు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

పెద్దకర్మ అయిన తర్వాత చెల్లెమ్మ నోటుబుక్కులు తీసింది. బీరువాలో, సీజనుకి ఒకటి చొప్పున, రబ్బరు బ్యాండ్ వేసి. చివరి దాంట్లో కొట్టెయ్యకుండా మిగిలినవి తొమ్మిది పద్దులు. ఎక్కువ మొత్తాలేం కావు. నేనూ, వాళ్ల పాపా రెండు ఆదివారాలు బండి మీద తిరిగి ఎనిమిది మందికి ఇచ్చేశాం. ఇద్దరు తీసుకోనన్నారు. పాప అచ్చం వాళ్ల నాయన లాగే, "తీసుకోండి తాతా, నాకు పద్దు కొట్టెయ్యాల" అంది, తీసుకున్నారు.

తొమ్మిదోది మాత్రం అట్లాగే ఉంది. 2022 జూలైలో రాసింది. అప్పటికి వేళ్లు తిమ్మిర్లు కదా, అక్షరాలు వంకర పోయాయి. "కలుజు పక్క తోట తాత. 2 ట్రిప్పులు. బాకీ 6,850." పేరు లేదు, ఊరు లేదు. వేరే ఎవరి ట్రాక్టర్లోనో కాయ వేసుకొచ్చి ఉంటాడు, స్లిప్పులోనూ దొరకలేదు. కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లి పోయే చోటు) లేని చెరువు మా వైపు ఏముంది? పూతలపట్టు, ఐరాల, పెనుమూరు, బంగారుపాళ్యం, మూడు సీజన్లుగా ర్యాంపుల దగ్గర అడుగుతూనే ఉన్నాం. డబ్బు ఒక కవర్లో పెట్టి ఆ పేజీలోనే ఉంచింది చెల్లెమ్మ.

జూన్లో మళ్లీ తిరుగుతాం. మీ ఊరి చెరువు కలుజు పక్కన తోట ఉన్న తాత ఎవరైనా ఆ ఏడాది చిత్తూరు పక్క జ్యూస్ ఫ్యాక్టరీకి రెండు ట్రిప్పుల కాయ తోలి, ఇంకా కొంచెం డబ్బు రావాలని చెప్పినట్టు మీకు గుర్తుంటే నాకు చెప్పండి. ఆ తాత లేకపోతే ఆయన పిల్లలైనా సరే.